తాత పెట్టిన మూడో షరతు

పాల్వంచ దాటి ములకలపల్లి దారి పట్టాక, జామాయిల్ తోటలు అయిపోయి అసలు అడవి మొదలయ్యే చోట ఒక ఫిట్టరు తాత ఉండేవాడు. సింగరేణి వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి దిగిపోయిన మనిషి. ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని ఊరి ట్రాక్టర్లకూ నీళ్ల మోటార్లకూ మరమ్మతులు చేస్తూ కాలం గడిపేవాడు. ఆ షెడ్డులో ఏ సామానైనా ఎవరైనా వాడుకోవచ్చు. రెండు మాత్రం ముట్టుకోకూడదు. ఒకటి ఎర్రగుడ్డలో చుట్టిపెట్టిన, మందం కొలిచే వెర్నియర్. రెండోది ఆయన లెక్కల పుస్తకం.

తాతకు ముగ్గురు మనవలు. కొడుకు కొడుకు ఖమ్మంలో ఉంటాడు, వాళ్ల నాన్నకు గ్రానైట్ లారీలున్నాయి. వాణ్ని పెద్దోడు అంటారు. పెద్ద కూతురి కొడుకు చిన్నోడు, దమ్మపేటలో ట్రాక్టరు మెకానిక్ ఇంట్లో పెరిగాడు. చిన్న కూతురి బిడ్డ కొత్తగూడెంలో ఇంజినీరింగ్ చదువుతోంది. ఆ పిల్లను అందరూ బుజ్జీ అంటారు.

ఒక ఎండాకాలం సెలవుల్లో ముగ్గురూ తాత ఇంటికి చేరారు. మాటల్లో మాట, కార్ల పందెం దగ్గరికి వచ్చింది. పాత కార్లు కొని, విప్పి, మనమే కట్టుకుని, ఎండిన చెరువులో రెండు గంటలు తిప్పుదాం, ఎవరు ఎక్కువ రౌండ్లు వేస్తే వాళ్లే గెలిచినట్టు అనుకున్నారు. చెరువు సంగతి ఊరి పెద్దలు ఒప్పుకున్నారు. ఇక తాత ఒప్పుకోవాలి.

తాత వద్దనలేదు. గోడ మీది పాత క్యాలెండరులోంచి ఒక కాగితం చింపి వెనక వైపు రాయడం మొదలుపెట్టాడు.

"మొదటి షరతు. కారుకు పెట్టేది మొత్తం యాభై వేలు దాటకూడదు. కారు కొన్న ధరతో సహా. మా నాన్న ఇచ్చాడు, మా స్నేహితుడు ఊరికే ఇచ్చాడు అంటే కుదరదు. ఊరికే వచ్చిన కార్బురేటరుకి కూడా పాల్వంచ బజార్లో ఎంతుందో అంత రాయాలి. విప్పేసిన సీట్లు, అద్దాలు అమ్ముకుంటే ఆ డబ్బు మళ్లీ కారు మీద పెట్టుకోండి, అది మీ తెలివి. లెక్క దాటిన ప్రతి వెయ్యికీ ఒక రౌండు కోస్తా."

"సరే తాతా," అన్నారు ముగ్గురూ.

"రెండోది. మనిషి ప్రాణం కాచే సామాను ఈ యాభై వేలలోకి రాదు. నెత్తి మీద కట్టే ఇనప బోను, సీటు, అయిదు పట్టీల బెల్టు, హెల్మెట్, బ్రేకులు, టైర్లు, మంటలార్పే సిలిండరు, బయటి నుంచి బ్యాటరీ ఆపే స్విచ్చి. వీటికి లక్ష పెట్టినా నేనడగను. కానీ అన్నీ గట్టివై ఉండాలి."

"మూడోది," అని తాత కాసేపు ఆగాడు. "పందెం అయిపోయాక, అక్కడున్నవాళ్లలో ఎవరైనా సరే, యాభై వేలు తెచ్చి చేతిలో పెడితే మీ కారు ఇచ్చెయ్యాలి. కాదూ కూడదూ అనకూడదు. బెల్టు, హెల్మెట్ లాంటివి విప్పి తీసుకోండి, అవి ఎలాగూ లెక్కలోవి కావు. కారు మాత్రం వదలాలి."

ఈ మాట విని ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఎండిన చెరువు దగ్గరికి యాభై వేలు జేబులో పెట్టుకుని ఎవడొస్తాడులే అనుకుని పెద్దోడు అందరికన్నా ముందు సంతకం పెట్టాడు.

నెల రోజులు గడువు. చిన్నోడి పని చూసి ఊరంతా ముచ్చటపడింది. పద్దెనిమిది వేలకు ఒక మారుతి ఎనిమిది వందలు బేరమాడి తెచ్చాడు. కారిపోతున్న రేడియేటరును తానే అతికాడు. గేరు రాడ్డు అరిగితే ట్రాక్టరు ముక్కను కోసి అమర్చాడు. ఒక్క నట్టు కొత్తది కొనలేదు. ముప్పై ఒక్క వేల నాలుగు వందలతో కారు నడిచింది. అది లెక్కల పుస్తకంలో రాస్తూ తాత కూడా "భేష్" అన్నాడు.

పెద్దోడి కారు ఖమ్మంలోనే తయారైంది. లారీ మీద టార్పాలిన్ కప్పుకుని వచ్చింది. బిల్లులన్నీ ఒక ఫైలులో వరుసగా పెట్టి తెచ్చాడు. నలభై ఎనిమిది వేలు. ఇంజను దగ్గర పదిహేను వేలని ఉంది. బయటికి చూస్తే అదీ మారుతి ఎనిమిది వందలే. తాత బానెట్ ఎత్తి ఒక నిమిషం చూశాడు. ఏమీ అనకుండా దించేశాడు. "నువ్వు చెప్పిందే రాసుకుంటున్నా," అన్నాడు.

బుజ్జి, ఆరుగురు క్లాసువాళ్లు కలిసి తలా ఇంత వేసుకున్నారు. రిటైరైన ఒక మాస్టారి దగ్గర ఇరవై నాలుగు వేలకు కారు కొన్నారు. సీట్లు, వెనక అద్దం, లోపలి సరంజామా అమ్మితే ఆరున్నర వేలు వచ్చాయి. క్లచ్ ప్లేటు మార్చారు, కార్బురేటరు విప్పి కడిగారు, సస్పెన్షన్ బుష్‌లు కొత్తవి వేశారు. లెక్క నలభై తొమ్మిది వేల ఎనిమిది వందల యాభై దగ్గర ఆగింది. బోనుకూ బెల్టుకూ బ్రేకులకూ మాత్రం విడిగా యాభై నాలుగు వేలయింది.

"తాతయ్యా, కారు కన్నా బోనుకూ బెల్టుకే ఎక్కువైంది," అంది ఆ పిల్ల భయపడుతూ.

"అట్టాగే ఉండాలి తల్లీ," అన్నాడు తాత.

పందెం రోజు పొద్దున్నే, ఎండ ముదరక ముందే, తాత చేతి డ్రిల్లూ వెర్నియరూ పట్టుకుని చెరువు కట్ట దిగాడు. బుజ్జి కారు బోను పైపుకి లోపలి వైపు చిన్న రంధ్రం వేశాడు. వెర్నియర్ మొన అందులో దించి పైపు గోడ మందం చూశాడు. మూడు మిల్లీమీటర్లు. పెద్దోడి కారుకీ అంతే చేశాడు. అక్కడా మూడే. ఆ విషయంలో పెద్దోడు తేడా చెయ్యలేదు, మెచ్చుకోవాలి.

చిన్నోడి బోనుకు డ్రిల్లు పెట్టగానే బిట్టు చప్పున లోపలికి పోయింది. రంధ్రంలోంచి ఎర్రటి తుప్పు పొడి రాలింది. తాత వెర్నియర్ పెట్టి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఒకటీ పాయింటు ఎనిమిది.

"ఏ పైపురా ఇది?"

"మన చేలో పడున్న పాత బోరు పైపు తాతా. జీఐది. బయట గీకి రంగేశా."

"రెండో షరతులో ఏమన్నాను?"

"లెక్కలోకి రాదన్నావుగా!" చిన్నోడి గొంతులో నిజంగానే అమాయకత్వం ఉంది. "లెక్కలోకి రానిదానికి అంత ఖర్చు ఎందుకు? దాంతో కారు స్పీడు పెరగదు కదా. ఆ డబ్బు మిగిలింది తాతా."

తాత సమాధానం చెప్పలేదు. మిగిలిన పైపు ముక్కలు రెండు తెప్పించాడు. వాటిని చిన్నోడు బోనుకు అతికినట్టే, అదే రాడ్డుతో అతికించమన్నాడు. వెల్డింగు పడుతుంటే జస్తా పూత కాలి తెల్లటి పొగ లేచింది. చుట్టూ ఉన్నవాళ్లు ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. చల్లారాక ఆ ముక్కను ట్రాక్టరు ట్రాలీకి బిగించిన వైసులో పెట్టి, రెండో కొసకు పొడుగు గొట్టం తొడిగి, "నీ బలంతో వంచు," అన్నాడు. చిన్నోడు గట్టిగా ఒక్క గుంజు గుంజాడు. అతుకు పక్కన పైపు ముందు చదునైంది, తర్వాత నోరు తెరిచింది. విరిగిన అంచు చూస్తే వెల్డింగు లోపలంతా అట్టు మీద బుడగల్లా చిల్లులు.

"నీ చేతి బలానికే ఇట్టా అయింది. కారు బోల్తా పడితే దాని మీద ఆరు వందల కిలోలు పడతాయి. అప్పుడు లోపల ఎవరుంటారు?"

చిన్నోడు ఆ ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ రోజు వాడి కారు కదల్లేదు. వాడు అలిగి పోలేదు కూడా. స్పానర్ల సంచి తీసుకుని చెల్లెలి కారు దగ్గర నిలబడ్డాడు.

పందెం మొదలైంది. దుమ్ము లేచి కట్ట మీద తాటిచెట్లు కనబడకుండా పోయాయి. పెద్దోడి కారు మొదటి రౌండులోనే బుజ్జి కారు కన్నా అర ఫర్లాంగు ముందుకెళ్లింది. దాని చప్పుడే వేరు. గంట దాటాక బుజ్జి కారు యాక్సిలరేటరు తీగ తెగి ఆగిపోయింది. చిన్నోడు పరుగెత్తి, కట్ట మీద నిలబెట్టిన ఎవరిదో సైకిలు బ్రేకు తీగ విప్పి, నాలుగు నిమిషాల్లో కట్టి పంపాడు. సైకిలు యజమానికి అక్కడికక్కడే డబ్బిచ్చి, ఆ డెబ్బై రూపాయలు కూడా బుజ్జి లెక్కలో రాయించాడు. రెండు గంటలకు తాత ఎర్రగుడ్డ ఊపాడు. పెద్దోడు అరవై నాలుగు రౌండ్లు. బుజ్జి యాభై మూడు.

ఈలలు, చప్పట్లు. పెద్దోణ్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆ సందడిలో పాల్వంచ పాత ఇనుము కొట్టాయన జనంలోంచి నెమ్మదిగా వచ్చి పెద్దోడి కారు బానెట్ ఎత్తాడు. వంగి చూశాడు. ఇంజను నంబరు మీద వేలు పెట్టి తుడిచి చదివాడు. సంచిలోంచి నోట్ల కట్ట తీసి బానెట్ మీద లెక్కపెట్టసాగాడు. సరిగ్గా యాభై వేలు.

"అల్లుడూ, ఈ బండి నాకివ్వు," అన్నాడు.

పెద్దోడు భుజాల మీంచి కిందికి దూకాడు. "అదెట్టా మామా! ఆ ఇంజనొక్కటే లక్షా ఇరవై వేలు!"

అన్న తర్వాత తెలిసింది ఏమన్నాడో. చప్పట్లు ఆగిపోయాయి. చెరువు మధ్యలో వేడెక్కిన ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమనడం వినబడింది.

తాత లెక్కల పుస్తకం తెరిచాడు. ఆ ఇంజను ఎనిమిది వందల కారుది కాదని, పెద్ద కారుదని ఆయనకు మొదటి రోజే తెలుసు. "ఇంజనుకి నువ్వు రాయించింది పదిహేను. నీ నోటితో చెప్పింది లక్షా ఇరవై. మొత్తం లక్షా యాభై మూడు వేలు. దాటింది లక్షా మూడు వేలు. అంటే నూట మూడు రౌండ్ల కోత. నువ్వు వేసింది అరవై నాలుగు. ఇంకా ముప్పై తొమ్మిది రౌండ్లు మాకు బాకీ ఉన్నావురా."

"తాతా, తెలిసి కూడా పొద్దున ఎందుకు ఆపలేదు?"

"నేను చెబితే తాత కోపంతో అన్నాడనుకునేవాడివి. ధర చెప్పాల్సింది నేను కాదు, నువ్వే. రామదాసంతటి వాడికే లెక్క చెప్పక తప్పలేదు. మనమెంత?"

పెద్దోడు బెల్టూ హెల్మెట్టూ విప్పుకుని, తాళంచెవి ఇనుము కొట్టాయన చేతిలో పెట్టాడు. తర్వాత బుజ్జి దగ్గరికి వెళ్లి, "నీ కారు ఎంతకైందో ఆ కాగితం ఒకసారి చూపించవా," అని అడిగాడు. ఇద్దరూ చెరువు కట్ట మీద కూర్చుని పొద్దుగూకే దాకా ఆ కాగితం చూశారు. పక్కన చిన్నోడు విరిగిన పైపు ముక్కను ఇంకా వదల్లేదు.

నీతి

ఖర్చుకు హద్దు పెట్టడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ హద్దు దేనికి వర్తించాలి, దేనికి వర్తించకూడదు అని తేల్చడం కష్టం. తేల్చినదాన్ని జనం చేత నిజాయితీగా పాటింపజేయడం అంతకన్నా కష్టం. తాత మొదటి షరతు డబ్బు గురించి. రెండోది ప్రాణం గురించి. మూడోది నిజం గురించి. ఈ మూడింట్లో ఏది తీసేసినా మిగతా రెండూ నిలవవు.

ఇది కల్పించిన కథే. షరతులు మాత్రం కల్పించినవి కావు. అమెరికాలో కాలిఫోర్నియాలో 2006లో జే లామ్ అనే కార్ల పత్రికా రచయిత ఒక పందెం మొదలుపెట్టాడు. ఫ్రాన్సులో ఏటా జరిగే ప్రఖ్యాత లె మాన్స్ ఇరవై నాలుగు గంటల పందెం పేరుకు, పనికిరాని కారును వాళ్లు నిమ్మకాయ అని పిలిచే వాడుకను జోడించి దానికి లెమన్స్ అని పేరు పెట్టాడు. అక్కడ కారు మీద 500 డాలర్లకు మించి పెట్టకూడదు. బోను, సీటు, బెల్టు, బ్రేకులు, చక్రాలు, టైర్లు ఆ లెక్కలోకి రావు. విప్పిన భాగాలు అమ్ముకుంటే ఆ డబ్బు జమ చేసుకోవచ్చు. హద్దు దాటిన ప్రతి 10 డాలర్లకూ ఒక రౌండు కోత. కారును 500 డాలర్లకు కొనేసే హక్కు నిర్వాహకులు తమ దగ్గర ఉంచుకున్నారు. గుర్రప్పందేల్లో ఇలాంటి కట్టుబాటు అంతకన్నా చాలా పాతది. ఫలానా ధర పందెంలో దించిన గుర్రాన్ని ఆ ధరకు ఎవరైనా కొనుక్కోవచ్చు. అందుకే పది లక్షల గుర్రాన్ని లక్ష రూపాయల పందెంలోకి ఎవడూ తీసుకురాడు.

ఆ కొనేసే షరతు ఒక్కటే ఎంత పని చేస్తుందో గమనించండి. బిల్లులు తనిఖీ చేసే ఆఫీసరు అక్కర్లేదు. ఫోర్జరీ పట్టుకునేవాడు అక్కర్లేదు. నువ్వు ఎంత పెట్టినా కారును ఆ హద్దు ధరకే ఇవ్వాల్సి వస్తుందని తెలిస్తే చాలు, రాసే చెయ్యే సరిగ్గా రాస్తుంది. ప్రపంచంలో అతి ఖరీదైన కార్ల పందెం ఫార్ములా వన్‌లోనూ 2021 నుంచి ఖర్చుకు హద్దు వచ్చింది. ఆ ఏడాది ఒక జట్టుకు 14.5 కోట్ల డాలర్లు. డ్రైవర్ల జీతాలు అందులోకి రావు. మొదటి ఏడాదే రెడ్ బుల్ జట్టు హద్దు దాటిందని తేలింది. 2022 అక్టోబరులో 70 లక్షల డాలర్ల జరిమానా వేశారు, గాలి సొరంగం పరీక్షల్లో 10 శాతం కోత పెట్టారు. పందెం ముగిసి, విజేతకు కప్పు ఇచ్చేసి, పది నెలలు గడిచాక వచ్చిన తీర్పు అది. ఇనుము కొట్టాయన బానెట్ మీద నోట్లు లెక్కపెట్టడానికి పట్టింది అయిదు నిమిషాలు.

తాత నోట రామదాసు పేరు వచ్చింది గనుక ఒక మాట. రామదాసుగా పేరొందిన నేలకొండపల్లి కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. సర్కారు పన్ను సొమ్ము ఆరు లక్షలు అందుకు వాడాడన్న నేరం మీద, గోల్కొండను 1672 నుంచి 1687 దాకా ఏలిన తానీషా ఆయన్ను బందీఖానాలో పెట్టించాడని మన పెద్దలు చెబుతారు. రామదాసు కీర్తనలు విన్నప్పుడు నన్ను ప్రతిసారీ పట్టి ఆపేది భక్తి ఒక్కటే కాదు. ఏ నగ ఎవరికి చేయించాడో, దానికి ఎంతయిందో ఆయన ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ వస్తాడు. చెరసాల గోడల మధ్య కూర్చుని దేవుడికే పద్దు వినిపించిన మనిషి ఆయన. ఈ గడ్డ మీద పుట్టినవాళ్లకు లెక్క చెప్పడం అవమానం కాదు. అది మన ఇంటి సంప్రదాయం.

తక్కువ ఖర్చు పందెం అంటే తక్కువ రకం పందెమని కొందరికి చిన్నచూపు ఉంది. అది తప్పు. దాన్ని తప్పని నిరూపించినవాడు మన భాషవాడే. తరాల కిందట కోయంబత్తూరు ప్రాంతంలో స్థిరపడిన తెలుగు మిల్లు కుటుంబంలో పుట్టిన కరివర్ధన్, విదేశీ పందెం కారు కొనే స్తోమత లేని కుర్రాళ్ల కోసం ఇక్కడే ఒక కారు తయారుచేశాడు. అందులో వాడింది వీధుల్లో తిరిగే మారుతి ఎనిమిది వందల ఇంజనే. మూడు సిలిండర్లు, 796 సీసీ. అదే ఫార్ములా మారుతి. అందరికీ ఒకే ఇంజను గనుక డబ్బున్నవాడికీ లేనివాడికీ తేడా తగ్గి, నడిపే చేతికి విలువ పెరిగింది. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయాడు. కోయంబత్తూరు దగ్గర ఒక రేసు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. ఆ చవక కార్లలో మొదలుపెట్టిన కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడయ్యాడు. 1983 డిసెంబరులో తొలి మారుతి అమ్మినప్పుడు దాని ధర 47,500 రూపాయలు. యాభై వేలు కూడా లేని బండి ఇంజను ఒక తరాన్ని పందెపు దారి ఎక్కించింది.

విద్యార్థులు కట్టే బాహా కార్ల పోటీ కూడా ఇదే దారి. అమెరికాలో దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయంలో 1976లో మొదలై, 2007లో మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌కు వచ్చింది. ఏటా మన రెండు తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు కూడా అందులో పాల్గొంటుంటారు. సంప్రదాయంగా అందరికీ ఒకటే పది గుర్రాల ఇంజను. దాన్ని మార్చకూడదు. ఎంత ఖర్చయిందో, ఎందుకయిందో నివేదిక రాస్తే దానికీ మార్కులుంటాయి. చివరి రోజు నాలుగు గంటలు రాళ్లలో, బురదలో నడిచి నిలవాలి. బోను విషయంలో మాత్రం పొదుపుకు చోటు లేదు. నూటికి కనీసం 0.18 వంతు కార్బన్ ఉన్న ఉక్కు గొట్టం, బయటి వ్యాసం 25.4 మిల్లీమీటర్లు, గోడ మందం 3 మిల్లీమీటర్లు. లేదా బలంలో దానికి సమానమని లెక్కగట్టి చూపాలి.

నాకు ఈ కథలో పెద్దోడి కన్నా చిన్నోడి గురించే దిగులు. పెద్దోడిది మోసం. మోసానికి షరతులు పెట్టి ఆపవచ్చు. చిన్నోడిది మన ఇళ్లన్నిటిలో ఉండే మంచి గుణం. పారేసేదాన్ని పనికి తెచ్చుకోవడం, అరిగినదాన్ని అతికి వాడుకోవడం, కొత్త నట్టు కొనకుండా పాతది వెతకడం. ఈ అడవి అంచు ఊళ్లలో ఆ తెలివి లేకపోతే ఒక్క ట్రాక్టరూ నడవదు, ఒక్క మోటారూ నీళ్లు పొయ్యదు. పందెం మధ్యలో బుజ్జి కారును మళ్లీ కదిలించింది కూడా ఆ తెలివే. కానీ దానికి ఎక్కడ ఆగాలో ఎవరో ఒకరు నేర్పాలి. లెక్కలోకి రాదు అన్న మాటకు అవసరం లేదు అని అర్థం చెప్పుకోవడం చిన్నోడి ఒక్కడి పొరపాటు కాదు. హెల్మెట్ కొనమంటే పోలీసులు లేని దారే కదా అనేవాళ్లం, కొడుకు బైకును అరిగిన టైరు మీదే ఇంకో వేసవి నడిపించేవాళ్లం అందరం ఆ అర్థమే చెప్పుకుంటున్నాం.

అందుకే ఖమ్మం, కొత్తగూడెం జిల్లాల కాలేజీల్లో పిల్లలు కారు కట్టుకుంటామని కాగితం పట్టుకుని వస్తే, సంతకం పెట్టాల్సిన మాస్టార్లకూ డబ్బివ్వాల్సిన తల్లిదండ్రులకూ నా విన్నపం ఒక్కటే. ఇంజను ఎంతకు కొన్నారని తర్వాత అడగండి. ముందు ఒక డ్రిల్లూ ఒక వెర్నియరూ తెప్పించండి. బోను పైపుకి చిన్న రంధ్రం వేయించి మందం మీ కళ్లతో చూడండి. నిబంధన చెప్పినంత లేకపోతే, పిల్లలు ఎంత బతిమాలినా ఆ కారును ఆ ఏడాది కదలనివ్వకండి.